డ్రోన్ వీడియో వణుకుతోందా, ఒరుగుతోందా? కెమెరా, గింబల్ లోపాల్ని పట్టుకునే పద్ధతి

డ్రోన్ వీడియోలో తేడా కనిపించగానే చాలామంది చేసే మొదటి పని గింబల్ క్యాలిబ్రేషన్, అంటే డ్రోన్ కదిలినా కెమెరాను నిటారుగా పట్టి ఉంచే మోటార్ల అమరికను మళ్ళీ సరిచూసి సర్దడం. నా దృష్టిలో అది చివర్లో చేయాల్సిన పనుల్లో ఒకటి. గింబల్ మీద నెట్టేసే లోపాల్లో చాలావాటికి గింబల్‌తో సంబంధమే ఉండదు. ప్రొపెల్లర్ అంచు చిట్లడం వల్ల వచ్చిన వణుకు క్యాలిబ్రేషన్‌తో పోదు. రెక్కల నీడ లెన్స్ మీద పడుతుంటే క్యాలిబ్రేషన్ చేసేదేమీ లేదు. పైగా కాస్త వాలుగా ఉన్న బల్ల మీద పెట్టి క్యాలిబ్రేట్ చేస్తే, అప్పటిదాకా నిటారుగా ఉన్న ఫ్రేమ్ ఒరిగే ప్రమాదం కూడా ఉంది.

అందుకే ముందు లోపం ఏమిటో వీడియోలోనే చూసి తేల్చుకోవాలి. దాదాపు ప్రతి లోపం ఫ్రేమ్‌లో ఒక గుర్తు వదిలిపెడుతుంది. ఆ గుర్తును చదవడం వస్తే అనవసరంగా స్క్రూలు విప్పే పని తప్పుతుంది.

1. ముందు కార్డులోని అసలు ఫైలు చూడండి

ఎగరేస్తున్నప్పుడు ఫోన్‌లో కనిపించే బొమ్మ వేరు, కార్డులో రికార్డయ్యే బొమ్మ వేరు. ఫోన్‌కు వచ్చేది రేడియో సిగ్నల్ మీద పంపే తక్కువ నాణ్యత ఉన్న ప్రసారం. అందులో బొమ్మ ముక్కలైనా, ఆగి ఆగి వచ్చినా, చతురస్రాలు కనిపించినా అది సిగ్నల్ గొడవ. కార్డులోని ఫైలు శుభ్రంగా ఉంటే కెమెరా జోలికి వెళ్ళకండి, యాంటెన్నాల దిశ చూసుకోండి.

ఫైలును కార్డు నుంచి నేరుగా ప్లే చేయకుండా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని చూడండి. ఇక్కడా ఒక చిక్కుంది. హెచ్.265 ఫార్మాట్‌లో, అందులోనూ 10 బిట్‌లో తీసిన 4కే వీడియోను పాత కంప్యూటర్లు సరిగా నడపలేవు. గతుకులు గతుకులుగా ప్లే అవుతుంది. ఆ గతుకులు ఫైలులో ఉన్నవా, కంప్యూటర్ తెస్తున్నవా తెలియాలంటే ఒక్కో ఫ్రేమ్ చొప్పున ముందుకు జరిపి చూడండి. కదలిక ప్రతి ఫ్రేమ్‌లోనూ సమానంగా ముందుకు వెళ్తుంటే ఫైలు బాగానే ఉంది. ఎడిటింగ్‌కి ప్రాక్సీ ఫైళ్ళు, అంటే తేలిగ్గా నడిచే చిన్న నకళ్ళు, చేసుకుంటే సరిపోతుంది.

2. లోపం గుర్తును చదవండి

అనుమానం ఉన్న చోట వీడియో ఆపి, నిలువు గీతలున్న వస్తువును వెతకండి. కరెంటు స్తంభం, భవనం అంచు, తలుపు చట్రం, ఏదైనా సరే. ఆ గీత మెలికలు తిరిగి అలలా కనిపిస్తే అది జెల్లో ఎఫెక్ట్. వేగంగా వచ్చే వణుకు దానికి కారణం. గీత నిటారుగానే ఉండి, ఫ్రేమ్ మొత్తం ఒక్కసారిగా అటూ ఇటూ ఎగిరిపడితే గింబల్‌నో, గాలినో, ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్‌నో అనుమానించాలి. హొరైజన్, అంటే నేలా ఆకాశం కలిసే గీత, మొదటి నుంచి చివరి దాకా ఒకే కోణంలో ఒరిగి ఉండడం ఒక సమస్య. డ్రోన్ మలుపు తిరిగాక ఒరిగి, మెల్లగా సర్దుకోవడం ఇంకో సమస్య. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు.

ఫ్రేమ్ పై అంచు నుంచి చీకటి గీతలు టపటపా మెరిస్తే అది ప్రొపెల్లర్ల నీడ. రాత్రిపూట లైట్ల కింద వెడల్పాటి పట్టీలు కిందకో పైకో జరుగుతుంటే అది కరెంటు లైట్ల ఫ్లికర్, అంటే మినుకు. వెలుతురు మెట్లు మెట్లుగా మారుతుంటే ఆటో ఎక్స్‌పోజర్, రంగు షాట్ మధ్యలో పసుపుకో నీలానికో జారితే ఆటో వైట్ బ్యాలెన్స్.

3. నేల మీద పరీక్ష: లోపం గింబల్‌లోనా, పైన తిరిగే వాటిలోనా?

ఇది ఐదు నిమిషాల పని, కానీ సగం వెతుకులాటను తగ్గిస్తుంది. నాలుగు ప్రొపెల్లర్లూ తీసేయండి. ఇందులో మాత్రం మినహాయింపు లేదు, ఎందుకంటే డ్రోన్ చేతిలో ఉండగా మోటార్లు తిరిగితే వేళ్ళు పోతాయి. గింబల్ కవర్ తీసి, సమతలంగా ఉన్న చోట పెట్టి ఆన్ చేయండి. కెమెరా ఒకసారి పైకి, కిందకి, పక్కలకి కదిలి నడిమికి వచ్చి నిలబడాలి. అది గింబల్ తనను తాను పరీక్షించుకోవడం. ఆ సమయంలో ముట్టుకోకూడదు.

ఇప్పుడు రికార్డింగ్ మొదలుపెట్టి, డ్రోన్‌ను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ముందుకు, వెనక్కి, పక్కలకి వంచండి. గింబల్ బాగుంటే డ్రోన్ ఒరిగినా కెమెరా నిటారుగానే ఉంటుంది. ఒక దిశలో మాత్రమే పట్టు వదిలేస్తే ఆ అక్షం మోటారునో, కేబుల్‌నో అనుమానించండి. పిచ్ అంటే పైకీ కిందకీ, రోల్ అంటే పక్కకి ఒరగడం, యా అంటే కుడిఎడమలకి తిరగడం. ఏ అక్షమో రాసిపెట్టుకోండి, తర్వాత సర్వీస్ వాళ్ళకు అదే ముఖ్యం. చాలా డ్రోన్లు గాలి తగలకుండా ఆన్‌లో ఉంటే త్వరగా వేడెక్కుతాయి కాబట్టి పరీక్ష అవగానే ఆపేయండి.

చేతిలో అంతా సవ్యంగా ఉండి, గాల్లో మాత్రమే వణుకు వస్తుంటే గింబల్ ఎలక్ట్రానిక్స్ బాగానే ఉన్నట్టు. మోటార్లు, ప్రొపెల్లర్లు, డ్యాంపర్ల (వణుకును పీల్చే రబ్బర్ల) వైపు చూడండి.

4. జెల్లో ఎఫెక్ట్

డ్రోన్ కెమెరాల సెన్సర్ సాధారణంగా ఫ్రేమ్ మొత్తాన్ని ఒకే క్షణంలో చదవదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ వస్తుంది. దీన్నే రోలింగ్ షటర్ అంటారు. ఒక ఫ్రేమ్ చదవడానికి సెకనులో 50వ వంతు పడుతుందనుకుందాం. ప్రొపెల్లర్ నిమిషానికి 6000 సార్లు తిరుగుతోందనుకుంటే సెకనుకు 100 సార్లు. బరువు సమంగా లేని రెక్క ప్రతి చుట్టుకూ డ్రోన్‌ను ఒకసారి ఊపుతుంది. అంటే ఒక ఫ్రేమ్ చదివేలోపు కెమెరా రెండుసార్లు వణుకుతుంది. ఫ్రేమ్ నిండా నిలబడిన స్తంభంలో మీకు రెండు అలలు కనిపిస్తాయి. అలలు ఎన్ని ఎక్కువుంటే వణుకు అంత వేగంగా వస్తున్నట్టు. గింబల్ మోటార్లు నెమ్మదైన ఊపును సరిచేయడానికే తప్ప, ఇంత వేగమైన వణుకును ఆపలేవు. దాన్ని ఆపాల్సింది డ్యాంపర్ రబ్బర్లు. అంతకంటే ముందు ఆ వణుకు పుట్టకుండా చూడాల్సింది ప్రొపెల్లర్లు, మోటార్లు.

వెతకాల్సిన వరుస ఇది.

ముందు ప్రొపెల్లర్లు. కంటితో చూస్తే చాలదు. గోరును రెక్క అంచు పొడవునా మెల్లగా లాగండి. ఎక్కడైనా గోరు తగులుకుంటే అక్కడ చిట్లినట్టే. గింజంత గంటు కూడా వణుకు తెప్పించడానికి చాలు. రెక్క వెలుతురుకు ఎదురుగా పట్టి వంచితే తెల్లటి గీత కనిపించినా మార్చేయాల్సిందే. ఒక్క రెక్క మార్చి ఊరుకోకుండా ఆ మోటారు మీది జతనంతా మార్చండి. పాత రెక్క, కొత్త రెక్క బరువులో ఒకటి కావు. స్క్రూలు ఉన్న రకమైతే బిగుతు చూడండి. మడిచే రెక్కలు బొత్తిగా బిగుసుకుపోకూడదు, వదులై వేలాడకూడదు.

తర్వాత మోటార్లు. పవర్ తీసేసి, ఒక్కొక్క మోటారును వేలితో తిప్పండి. నాలుగూ ఒకేలా తిరగాలి. ఒకదాంట్లో గరగరమని ఇసుక నలిగినట్టు తగిలినా, పైభాగాన్ని పట్టుకుని పక్కకి కదిపితే ఆడినా బేరింగ్ పోయిందనుకోవచ్చు.

మూడోది డ్యాంపర్లు. కెమెరాను డ్రోన్ శరీరానికి వేలాడదీసే చిన్న రబ్బరు బంతులో, బొడిపెలో ఇవి. టార్చ్ వేసి ఒక్కొక్కదాన్నీ చూడండి. గట్టిగా ల్యాండ్ అయినప్పుడు ఒకటి తన రంధ్రంలోంచి సగం బయటికి వచ్చేస్తుంటుంది. పైకి చూస్తే ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పని చేయదు. చిరిగినవి, గట్టిపడినవి మార్చాలి. డ్యాంపర్లను దాటుకుని గింబల్, శరీరం ఒకదానికొకటి తగిలే అవకాశం ఏదైనా ఉందేమో కూడా గమనించండి. పక్కకు జరిగిన కేబుల్, అంటించిన స్టిక్కర్ అంచు, దూరిన గడ్డిపోచ ఇవన్నీ వణుకును నేరుగా కెమెరాకు మోసుకెళ్తాయి.

ఒక్కో మార్పు తర్వాత గాలి లేని చోట ఒకే ఎత్తులో నిలిపి పరీక్ష వీడియో తీయండి. షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం) 1/1000 దగ్గర పెట్టండి, ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లద్దం) తీసేయండి. ఎన్‌డీ ఫిల్టర్ వేస్తే షటర్ నెమ్మదించి, మోషన్ బ్లర్ (కదలిక వల్ల వచ్చే మసక) వల్ల అలలు కొంత కలిసిపోయి కనిపించవు. షూటింగ్‌కి అది పనికొస్తుంది కానీ పరీక్షలో లోపాన్ని దాచేస్తుంది. రెండు మార్పులు ఒకేసారి చేయకండి. ఏది నయం చేసిందో ఎప్పటికీ తెలియదు.

5. హొరైజన్ ఒరగడం

ముందు గింబల్ మోడ్ చూడండి. ఎఫ్‌పీవీ మోడ్‌లో కెమెరా డ్రోన్‌తో పాటే పక్కకి ఒరుగుతుంది. ఆ మోడ్ ఉన్నదే అందుకు. మామూలు వీడియోకు ఫాలో మోడ్ ఉండాలి. పొరపాటున ఈ సెట్టింగ్ మారి, గింబల్ పాడైందని టెన్షన్ పడేవాళ్ళు తక్కువేమీ కాదు.

రెండోది గాలి. గింబల్‌కు కదిలే హద్దు ఉంటుంది. చిన్న డ్రోన్లు గాలికి ఎదురు నిలవడానికి బాగా వంగుతాయి. ఆ వంపు గింబల్ హద్దు దాటితే కెమెరా కూడా ఒరుగుతుంది. స్పోర్ట్ మోడ్‌లోనూ అంతే. ఫ్రేమ్ పై మూలల్లో రెక్కలు కనిపించడం కూడా ఈ వంపు వల్లే. దీనికి రిపేరు లేదు, వేగం తగ్గించుకోవడం, కెమెరాను కాస్త కిందకి దించుకోవడమే.

ఈ రెండూ కావని తేలాక పరీక్ష చేయండి. స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు ఆన్ చేసి, గాలి లేని చోట డ్రోన్‌ను నిలిపి, మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ప్రతి 90 డిగ్రీలకూ ఆగి చూడండి. తర్వాత వ్యతిరేక దిశలో తిప్పండి. నేల వాలును చూసి హొరైజన్‌ను అంచనా వేయకండి, కొండలు, రోడ్లు కంటిని మోసం చేస్తాయి. ఫ్రేమ్ నడిమధ్యలో ఉన్న భవనం నిలువు అంచునో, సముద్రపు గీతనో ఆధారంగా పెట్టుకోండి.

అన్ని దిశల్లోనూ ఒకే కోణంలో ఒరిగి ఉంటే గింబల్ క్యాలిబ్రేషన్ పని చేస్తుంది. ఒక్కో దిశలో ఒక్కోలా ఉంటే, లేదా మలుపు తర్వాత ఒరిగి మెల్లగా సర్దుకుంటే, ఐఎంయూ క్యాలిబ్రేషన్ కూడా చేయాలి. ఐఎంయూ అంటే డ్రోన్‌కు ఏది కింద, ఏది పైన అని చెప్పే సెన్సర్ల సముదాయం.

క్యాలిబ్రేషన్ ఇలా చేయండి. డ్రోన్ చల్లగా ఉండాలి, అప్పుడే దిగిన డ్రోన్‌ను కాసేపు పక్కన పెట్టండి. బల్ల సమతలంగా ఉందో లేదో రసమట్టంతో గానీ ఫోన్‌లోని లెవల్ యాప్‌తో గానీ రెండు దిశల్లో చూడండి. ముందు ఐఎంయూ, తర్వాత గింబల్. మధ్యలో బల్లను కదిలించకండి, ఫ్యాను గాలి తగలనివ్వకండి. ఇంత చేశాక కూడా ఒక డిగ్రీ లోపు తేడా మిగిలితే, చాలా యాప్‌లలో రోల్‌ను చేత్తో సరిచేసే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని గాల్లో ఉండగానే, గ్రిడ్ గీత చూస్తూ సరిచేయడం మేలు. డ్రోన్ పడిపోయిన తర్వాత మొదలైన ఒరుగు అయితే, ఎదురుగా కూర్చుని కెమెరాకు ఎడమ పక్క ఖాళీ, కుడి పక్క ఖాళీ పోల్చి చూడండి. తేడా ఉంటే గింబల్ చెయ్యి వంగింది. వంగిన లోహాన్ని సాఫ్ట్‌వేర్ నిటారు చేయలేదు.

6. గింబల్ ఓవర్‌లోడ్, కొట్టుకోవడం

"గింబల్ మోటార్ ఓవర్‌లోడ్" అని వస్తే వెంటనే ఆపేయండి. కెమెరాను కదలనివ్వకుండా ఏదో అడ్డుపడుతోందని అర్థం. ఎక్కువసార్లు అది తీయడం మరిచిన కవరే అయి ఉంటుంది. గడ్డి మీద ఆన్ చేసినా ఇదే జరుగుతుంది, పోచలు కెమెరాకు తగులుతాయి. ల్యాండింగ్ ప్యాడ్ వాడండి. ఆ డ్రోన్ కోసం చేయని బరువైన ఫిల్టర్ పెడితే కెమెరా ముందుకు తూగి మోటారు అలిసిపోతుంది. ఏ ఫిల్టర్ అయినా పవర్ ఆపి ఉన్నప్పుడే పెట్టండి, తీయండి.

ఇవేవీ లేకుండా కెమెరా టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే, పవర్ ఆపి ఒక్కో అక్షాన్ని వేలితో అతి మెల్లగా తిప్పి చూడండి. గింబల్ మోటార్లలో శాశ్వత అయస్కాంతాలుంటాయి. ఇసుక ఉన్న చోట దిగితే అందులోని ఇనుప రేణువులు లోపలికి చేరి అయస్కాంతానికి అంటుకుంటాయి. వేలికి సన్నని గరుకు తగులుతుంది. గాలి కొట్టే డబ్బాతో ఊదకండి, ఇంకా లోపలికి పోతాయి. అంటుకునే టేపు ముక్కను సన్నగా మడిచి, సందులో తాకించి తీయండి. నూనె అస్సలు వేయకూడదు.

గరుకు లేదు, అడ్డు లేదు, అయినా ఒక కోణానికి వచ్చేసరికే బొమ్మ మాయమైనా, కెమెరా వేలాడిపోయినా రిబ్బన్ కేబుల్ చూడండి. కాగితంలా పలుచని ఆ కేబుల్ మడత దగ్గర చిరుగుతుంది.

7. ఫ్లికర్, నీడలు, ఎక్స్‌పోజర్

కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షటర్ 1/50 లేదా 1/100 దగ్గర పెడితే పట్టీలు పోతాయి. 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 లేదా 1/120. ఎల్ఈడీ తెరల మినుకు వేరే లెక్కలో ఉంటుంది. అక్కడ షటర్‌ను కొంచెం కొంచెం మారుస్తూ చూడడమే దారి.

ప్రొపెల్లర్ నీడ సూర్యుడు ముందువైపు, పైన ఉన్నప్పుడు వస్తుంది. డ్రోన్‌ను కాస్త పక్కకి తిప్పడం, కెమెరాను కిందకి దించడం, షటర్‌ను నెమ్మది చేయడం, ఇవి చాలు.

షటర్ నెమ్మది చేయడం గురించి ఒక లెక్క. సాధారణ సూత్రం ప్రకారం షటర్ స్పీడ్ ఫ్రేమ్ రేటుకు రెట్టింపు ఉండాలి. 25 ఫ్రేములకు 1/50. ఎండ బాగా కాస్తున్నప్పుడు ఎఫ్/2.8, ఐఎస్ఓ 100 దగ్గర షటర్ సుమారు 1/3200కి వెళ్తుంది. అక్కడి నుంచి 1/50కి రావాలంటే ఆరు స్టాప్‌లు, అంటే వెలుతురును ఆరుసార్లు సగం చేస్తూ, తగ్గించాలి. అంటే ఎన్‌డీ64. మబ్బు పడితే ఎన్‌డీ16, ఎన్‌డీ8 చాలు. గట్టి ఎండలో ఫిల్టర్ లేకుండా తీసిన వీడియో మలుపుల్లో గతుకుగా, కళ్ళకు ఇబ్బందిగా కనిపించడానికి కారణం ఈ వేగమైన షటరే, గింబల్ కాదు. దానితో పాటు మలుపు వేగం, గింబల్ స్పీడ్ సెట్టింగులు తగ్గించి, స్మూత్‌నెస్ పెంచుకోండి.

వెలుతురు, రంగు షాట్ మధ్యలో మారకుండా ఉండాలంటే ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వైట్ బ్యాలెన్స్‌ను పగటిపూట 5600 కెల్విన్ దగ్గర స్థిరంగా ఉంచండి.

8. మసక

లెన్స్ ముందు తుడవండి, తర్వాతే మిగతావి. వేలిముద్ర ఉంటే లైటు చుట్టూ గీతలా వెలుగు చిమ్ముతుంది. చల్లని గదిలోంచి ఉక్కపోతలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. కాసేపు బయట ఉంచితే పోతుంది. లోపలి వైపు పడితే సిలికా జెల్ సంచులతో మూసిన డబ్బాలో ఉంచండి.

ఫోకస్ మార్చుకునే కెమెరా అయితే, ఎత్తుకు వెళ్ళాక దూరంగా ఉన్న వస్తువు మీద తట్టి ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. షాట్ మధ్యలో ఫ్రేమ్ అంచులు కొంచెం ఉబ్బి మళ్ళీ ముడుచుకుంటే ఆటోఫోకస్ తడుముకుంటోందని అర్థం. ఫ్రేమ్‌లో ఒక్క పక్క మాత్రమే మసకగా ఉంటే ఫిల్టర్ తీసి మళ్ళీ తీయండి. అప్పుడూ అలాగే ఉంటే లెన్స్ పక్కకి జరిగింది, ఇంట్లో చేసేదేమీ లేదు.

9. కార్డు

100 మెగాబిట్ల వీడియోకు సెకనుకు 12.5 మెగాబైట్లు రాయాలి. వీ30 గుర్తున్న కార్డు కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది, కాబట్టి సరిపోతుంది. అయినా రికార్డింగ్ మధ్యలో ఆగిపోతే కార్డు నకిలీదో, అలసిపోయినదో అయి ఉంటుంది. ఫైళ్ళు భద్రపరుచుకుని, డ్రోన్‌లోనే ఫార్మాట్ చేయండి.

రికార్డింగ్ ఆపకుండా బ్యాటరీ తీసేస్తే ఫైలు తెరుచుకోదు. డేటా ఉంటుంది కానీ ఫైలుకు చివర్లో రాసే సూచిక పడదు. ముందు ఆ కార్డులోని ఫైలును కాపీ చేసుకోండి. తర్వాత అదే కార్డును అదే డ్రోన్‌లో పెట్టి ఆన్ చేస్తే కొన్ని మోడళ్ళు వాటంతటవే సరిచేస్తాయి. లేదంటే అన్‌ట్రంక్ అనే ఉచిత టూల్ ఉంది. దానికి అదే కెమెరాతో, అవే సెట్టింగులతో తీసిన బాగున్న ఫైలు ఒకటి నమూనాగా ఇవ్వాలి.

10. ఇప్పటికే తీసిన వీడియోను కాపాడుకోవడం

ఒరిగిన హొరైజన్‌ను ఎడిటింగ్‌లో తిప్పేయవచ్చు. 16:9 ఫ్రేమ్‌ను ఒక డిగ్రీ తిప్పితే మూలలు కనబడకుండా 3 శాతం, రెండు డిగ్రీలకు 6 శాతం పెద్దది చేయాలి. 4కేలో తీసి ఫుల్ హెచ్‌డీలో ఇచ్చేవాళ్ళకు ఇది లెక్కలోకి రాదు. నెమ్మదైన ఊపును స్టెబిలైజర్ బాగానే సర్దుతుంది. జెల్లో ఉన్న షాట్‌కు మాత్రం దాన్ని వేయకండి, అలలు పోకపోగా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అలాంటి షాట్ మళ్ళీ తీయడమే నయం.

చిరిగిన రిబ్బన్ కేబుల్, వంగిన చెయ్యి, జరిగిన లెన్స్, ఒక అక్షంలో పట్టు వదిలేసిన మోటారు, ఈ నాలుగూ సర్వీస్ సెంటర్‌కే. డ్రోన్‌తో పాటు కవర్ బిగించి పంపండి. నేల మీది పరీక్షలో తీసిన వీడియో, ఏ అక్షంలో లోపం కనిపించిందో రాసిన చీటీ, యాప్‌లో వచ్చిన ఎర్రర్ సందేశం ఫొటో, ఫ్లైట్ లాగ్ (డ్రోన్ ఎగిరిన వివరాల రికార్డు) కూడా ఇవ్వండి. పడిపోయి ఉంటే ఆ మాట కూడా చెప్పండి, దాచితే రిపేరు చేసేవాళ్ళు వేరే చోట వెతుకుతూ కూర్చుంటారు.